అమ్మ గొంతు మీది రొద

మా వీధిలో నా పేరు లోకేశ్వరి అని ఎవరికీ గుర్తులేదు. అందరికీ నేను రేడియో టీచరమ్మనే. కోయంబత్తూరు పీలమేడులో ఒక పాలిటెక్నిక్‌లో ముప్పై ఒక్క ఏళ్లు ఎలక్ట్రికల్ ల్యాబు చూసుకున్నాను కాబట్టి టీచరమ్మ. ముందుగది నిండా ఆంప్లిఫయర్లూ స్పీకర్లూ టేపు డెక్కులూ పెట్టుకుని కూర్చుంటాను కాబట్టి రేడియో. పాట పెడితే పాటే వినిపించాలి, దాని వెనక కరెంటు గుయ్యిమనకూడదు. ఇది నా పిచ్చి. ఎవరింట పెళ్లికి వెళ్లినా మైకు సెట్టు అతన్ని పిలిచి "నీ ఎర్తు సరిగ్గా లేదు" అని చెప్పందే విస్తరి ముందు కూర్చునేదాన్ని కాదు. పెళ్లివారికి నేనంటే హడలు. నా చెవికి తిరుగులేదని నాకు మహా గర్వం.

మాది ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా తాతముత్తాతలు ఎప్పుడు ఇటు వచ్చారో చెప్పగలిగిన వాళ్లు ఎవరూ మిగల్లేదు. బడిలో చదివింది తమిళమే. తెలుగు అక్షరాలు నేను నలభై దాటాక, పంతానికి కూర్చుని నేర్చుకున్నాను. అందుకే ఇదంతా రాయగలుగుతున్నాను.

పోయిన జూన్‌లో ఒక శనివారం పొద్దున పదిగంటలకు గేటు దగ్గర ఒక అమ్మాయి నిలబడింది. భుజాన కాలేజీ సంచి, చేతిలో అరటిపళ్లు.

"అత్తా, నేను కృత్తిక. కేశవన్ కూతురు," అన్నది.

నా తమ్ముడు చెన్నకేశవన్ ఈ వాకిట్లో నిలబడి పద్నాలుగేళ్లయింది. వాడి కూతుర్ని నేను నాలుగేళ్ల పిల్లగా ఒక్కసారి చూశాను, అమ్మ శవం దగ్గర. ఇప్పుడు ఇక్కడే ఇంజనీరింగులో చేరిందట, హాస్టల్లో ఉందట. లోపలికి రమ్మన్నాను. కాఫీ ఇచ్చాను. ఏం మాట్లాడాలో తెలియక ఆమె కాలేజీలో ల్యాబు ఎలా ఉందని అడిగాను. ఆ పిల్ల కాసేపు స్పీకర్ల వైపు చూసి, వచ్చిన పని చెప్పింది.

"అవ్వ గొంతు మీ కాడ టేపులో ఉండాదంటనే. నాకు అవ్వ గొంతు నెనపే లేదు అత్తా. ఒకతూరి వినాల. నాయన్నే అడిగితిని. అత్త ఇంటికి పో, వినిపిస్తాది అన్నాడు."

వాడు అలా అన్నాడంటే నమ్మలేకపోయాను. ఆ టేపు వాడికి చేసినది అలాంటిది మరి.

మా అమ్మ పేరు వెంకటమ్మాళ్. పెళ్లి మాట మీద ఆమెకూ తమ్ముడికీ చెడింది. వాడు తిలకవతిని చేసుకున్నాడు. ఆ అమ్మాయి మా కులం కాదు, తెలుగు రాదు. "నా గడప తొక్కొద్దు" అన్నది అమ్మ. వాడు తిరుప్పూరు వెళ్లి ఒక బనియన్ల కంపెనీలో చేరాడు, మళ్లీ గడప తొక్కలేదు. అట్లా ఐదేళ్లు. చివరికి అమ్మకు గుండె జబ్బు ముదిరింది. అవి కోయంబత్తూరులో కరెంటు ఉన్న గంటలకంటే లేని గంటలు ఎక్కువైన రోజులు. ఒక సాయంత్రం కరెంటు లేదు, నేను కాలేజీలో ఉన్నాను. బ్యాటరీలతో నడిచే పాత టేపురికార్డరు ముందు కూర్చుని అమ్మ తనే రెండు మీటలు నొక్కి నాలుగు మాటలు చెప్పింది. నాకు చెప్పలేదు. వారానికి పోయింది. పోయాకే, రికార్డర్లో ఆ క్యాసెట్టు దొరికింది నాకు.

పదహారో రోజు కర్మకు బంధువులంతా హాల్లో కూర్చున్నారు. మా మేనమామ రత్నసభాపతి పెద్దమనిషి. "అందరికీ వినబడాల" అన్నాడు. ఆ చిన్న రికార్డరు ముప్పై మందికి చాలదని క్యాసెట్టు తీసి నా పెద్ద సెట్టులో పెట్టాను. ఆ పూట కరెంటు ఉంది కానీ ఏం కరెంటు అది! స్టెబిలైజరు టకటకా కొట్టుకుంటోంది. స్పీకర్ల నిండా గుయ్యిమని రొద. ఆ రొద కింద ఎక్కడో అమ్మ. తన కమ్మల గురించి ఏదో చెప్పింది, ఆవు గురించి ఏదో చెప్పింది. తర్వాత, "సింగానల్లూరు చేను లోకుకి" అన్నది. లోకు అంటే నేను. దాని వెంటనే, "కేశవునికి ఇల్లె."

తమిళంలో ఇల్లె అంటే లేదని. చేను లోకుకి, కేశవునికి ఏమీ లేదు.

"నువ్వు చెవి గలదానివి. ఏమంటాదిమ్మా?" అని మామ నన్ను అడిగాడు.

"ఇల్లె అంటాది మామా," అన్నాను.

కేశవుడు హాల్లోకి రాలేదు. అమ్మ వద్దన్న గడప బయటే, వాకిట్లో నిలబడి ఉన్నాడు. వాడూ ఆ మాటే అన్నాడు. ఒకే ఒక్క మాట, ఇల్లె అని. అని, చెప్పులు వేసుకున్నాడు. "చూడండ, వాడే ఒప్పుకొనేసినాడు. చాలు, ఆపు" అన్నాడు మామ. నేను టేపు ఆపేశాను. రెండు నెలలకు నేను కాగితాలు పంపిస్తే, ఇంటి మీద తనకు హక్కు లేదని ఒక్క ప్రశ్న వేయకుండా సంతకం పెట్టి పంపాడు.

నాకు బాధ కలిగిందా? కలిగింది. పోయేముందు కూడా అమ్మ కోపం తీరలేదే అని ఏడ్చాను. ఇల్లు నాకే మిగిలిందని లోపల ఒక మూల నిమ్మళంగానూ ఉంది. ఆ మూల సంగతి ఇన్నేళ్లూ నాకు నేనే చెప్పుకోలేదు. ఆ టేపు మళ్లీ పెట్టలేదు. పాత రికార్డరు ఇనప సామాన్లవాడికి వేసేశాను.

అంత జరిగిన టేపును ఈ పిల్ల వినాలంటోంది. మొదటి నాలుగు మాటలు వినిపించి, చేను మాట రాకముందే ఆపేద్దామనుకున్నాను. డెక్కులో పెట్టి మీట నొక్కాను.

రొద వెనకటికంటే ఘోరంగా ఉంది. మా ఇంటి వెనక లేతు పట్టరలు, అంటే చిన్న వర్క్‌షాపులు, వచ్చాయి, పక్కింట్లో ఇన్వర్టరు వచ్చింది. వాటి చెత్తంతా తీగల వెంట నా ఇంట్లోకే వస్తోంది. అమ్మ ఏదో అంటోంది. ఏమంటోందో దేవుడికే తెలియాలి.

"అవ్వ ఏమంటాది అత్తా?" అని అడిగింది కృత్తిక. ముఖం మర్యాదగా పెట్టుకుంది. నాకు తల కొట్టేసినట్లయింది. ఊరందరి మైకులకూ వంకలు పెట్టినదాన్ని, మా అమ్మ గొంతును మనవరాలికి ఇట్లా వినిపించడమా!

"మూడు వారాలు తాళి రా. ఇట్లాంటి గొంతు నీకు వినిపించను," అని ఆపేశాను.

ఉక్కడం నుంచి మునియాండిని పిలిపించాను. మిల్లులో వైరింగు చేసి రిటైరైన మనిషి, నాకంటే పెద్దవాడు, నా నోటికి జడవని ఒకే ఒక్క ఎలక్ట్రీషియన్. ఫేజుకీ ఎర్తుకీ మధ్య టెస్టు బల్బు పెట్టాడు. బల్బు మినుకుమన్నది, అంతే. గోడవారగా ఉన్న ఎర్తు గొయ్యి దగ్గర గునపంతో గీకి చూస్తే లోపలి గొట్టం తుప్పుపట్టి ఊడిపోయి ఉంది.

"అమ్మా, ఎర్తే ఇల్లెంగ," అన్నాడు.

అతను తమిళుడు, లేదనడానికి అతనికి ఉన్నది ఆ మాటే. అయినా నాకు చురుక్కుమన్నది. "లేకపోతే పెట్టు, నిలబడి చెప్తావేం?" అని అతని మీద అరిచాను. పాపం, అతనికేం తెలుసు.

కరివేపాకు చెట్టు పక్కన కొత్త గొయ్యి తవ్వించాం. రాగి పలక దించి, చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు వేసి, నీళ్లు పోసి పూడ్చాం. ఆ రోజు ఏ క్యాసెట్టూ పెట్టకుండా వాల్యూము పూర్తిగా తిప్పి, చెవి స్పీకరుకు ఆనించి కూర్చున్నాను. లావాటి గుయ్యి సగానికి సగం పోయింది. మీటరు దగ్గర నుంచి ముందుగదికి ఫ్యానుకూ ఫ్రిజ్జుకూ సంబంధం లేని వేరే తీగ లాగించాను. ఫ్రిజ్జు మొదలైనప్పుడల్లా వినిపించే టప్పు పోయింది. మిగిలింది లేతుల కీచు. దానికి గణపతి అనే పేటలో మోటార్లు చుట్టే తంగవేల్ దగ్గరికి వెళ్లి ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు చుట్టించాను. దానిలో లోపలికి వచ్చే చుట్టుకూ బయటికి వెళ్లే చుట్టుకూ తీగతో సంబంధం ఉండదు. నడుమ ఒక రాగి రేకు పెట్టి దాన్ని ఎర్తుకు కలుపుతారు, వీధి చెత్త అక్కడే ఆగిపోతుంది. తంగవేల్ రేకు వద్దన్నాడు, ఎవరూ అడగరన్నాడు. నేను అడుగుతున్నాను కదా అన్నాను. రేకు పెట్టేదాకా అతని పట్టరలో బల్ల మీది నుంచి లేవలేదు.

ఆ బరువును తెచ్చి డెక్కుకు దూరంగా గది అవతలి మూల పెట్టించాను. దగ్గరుంటే దాని గుయ్యిని టేపు హెడ్డే పట్టుకుంటుంది. హెడ్డును స్పిరిటు తడిపిన దూదితో తుడిచాను. చివరికి ఒక గురువారం పొద్దున పదకొండింటికి, వెనక లేతులన్నీ తిరుగుతుండగా, వాల్యూము నిండుగా పెట్టి చెవి ఆనించాను. ఏమీ లేదు. మునియాండి కూడా వంగి విన్నాడు. సెట్టు ఆన్‌లో ఉందా అని అడిగాడు. ముప్పై ఏళ్లలో నాకు దక్కిన పెద్ద మెప్పు అది.

అతన్ని పంపేసి తలుపు వేసి క్యాసెట్టు పెట్టాను.

ముందు టేపు సొంత బుస సన్నగా. తర్వాత ఒక కాకి. ఎవరిదో సైకిలు గంట. ఉయ్యాలబల్ల గొలుసు కిర్రుమన్నది. అమ్మ దగ్గింది. ఆ దగ్గు వినేసరికి కింద కూర్చున్నాను. కరెంటు లేని సాయంత్రం బ్యాటరీల మీద పట్టిన టేపు అది. దానిలో మొదటి నుంచీ ఏ రొదా లేదు. ఉన్న రొదంతా నాది, నా ఇంటిది.

కమ్మలు కృత్తికకి అన్నది అమ్మ. పద్నాలుగేళ్లుగా అవి నా చెవులకే ఉన్నాయి. ఆవును అమ్మొద్దన్నది. అప్పుడే అమ్మేశాను. ఒక ఊపిరి తీసుకుంది.

"సింగానల్లూరు చేను లోకుకి. కేశవునికి ఇల్లు."

ఆపే మీట మీదికి పోతున్న చేయి వెనక్కి లాక్కున్నాను. మళ్లీ తిప్పి పెట్టాను. ఇల్లు. మాట చివర కాస్త సాగదీయడం అమ్మ అలవాటు. ఆ సాగిన చివరంతా ఉకారమే. ఎన్నిసార్లు పెట్టినా ఇల్లు, మేం పుట్టిన ఇల్లు, నేను కూర్చుని ఉన్న ఈ ఇల్లు. మామ ఆపమన్నాడని ఆ రోజు నేను ఆపేసిన చోటు దాటి టేపు ఇంకా నడిచింది.

"తిలకవతిని పిల్చుకొని రమ్మను వాణ్ణి. బిడ్డని నేను చూడాల."

తర్వాత మీట నొక్కిన చప్పుడు.

ఆమె ఆ మాట చెప్పాక ఇంకా వారం బతికి ఉంది. వారంలో ఒక్కసారైనా ఎదురు చూసి ఉంటుంది, టేపు నేను వింటానని, వాడికి కబురు పంపుతానని. నేను ఆ రికార్డరు మీది దుమ్ము కూడా తుడవలేదు.

మధ్యాహ్నం అన్నం వండలేదు. నేల మీదే కూర్చుని, ల్యాబులో పిల్లలకు చెప్పినట్లు నాకు నేను లెక్క చెప్పుకున్నాను. ఉకారం మంద్రంగా పలుకుతుంది. కరెంటు రొద కూడా ఆ మంద్రంలోనే ఉంటుంది. కాబట్టి చివరి అచ్చు రొదలో మునిగిపోయింది. 'ఇల్ల్' వరకు వినిపించింది, మిగిలింది మా చెవులు పూరించుకున్నాయి. హాల్లో ముప్పై మంది తెలుగువాళ్లం ఉన్నాం. బడిలో, బస్సులో, ఆఫీసులో తమిళం విని విని ఉన్నాం. తమిళంతో పూరించుకున్నాం. తప్పు ఎర్తుది. ఇలా చెప్పుకుంటే కొంచెం ఊపిరాడింది.

మర్నాడు పొద్దున్నే తిరుప్పూరు బస్సు ఎక్కాను. కమ్మలు తీసి చేతిసంచిలో వేసుకున్నాను. దారి పొడుగునా వాడికి ఎలా చెప్పాలో వల్లించుకున్నాను.

కంపెనీ గేటులో పేరు చెబితే లోపలికి పంపారు. ఒక పొడుగు షెడ్డు, వరసగా బట్ట అల్లే మిషన్లు, మనిషి మాట మనిషికి వినిపించని మోత. ఒక బల్ల దగ్గర బట్టను దీపం మీద పరిచి చిల్లులు వెతుకుతున్నాడు కేశవుడు. తల సగం నెరిసింది. నన్ను చూసి బట్ట వదిలేసి లేచాడు.

"అక్కా! కృత్తికకి ఏమన్నా ఆయనా?"

"దానికేమీ లేదురా. దాన్ని నేను చూస్తాలే." ఇంకేం ముందుమాట లేకుండా మొదలుపెట్టాను. "ఇల్లె కాదురా కేశవా. ఇల్లు. కేశవునికి ఇల్లు అని చెప్పిండాది అమ్మ. మన ఇంట్లో ఎర్తు పోయి ఉండె, నాకు తెలియలే. ఇప్పుడు వేరే గొయ్యి తవ్వించి, ట్రాన్స్‌ఫార్మరు పెట్టి..."

మోతలో గొంతు పెంచి, ఉకారం దాకా, రాగి రేకు దాకా అంతా చెప్పాను. వాడు అడ్డు రాకుండా విన్నాడు. నేను ఆగాక, "తెలుసక్కా," అన్నాడు.

"ఏమి తెలుసు?"

"ఇల్లు అన్నాదని. అమ్మ మన కాడ ఎప్పుడక్కా అరవం మాట్లాడింది?"

నిజమే. డాక్టరుతో మాట్లాడింది, పాలవాడితో మాట్లాడింది. మాతో ఒక్క తమిళ మాట ఆడి ఎరగదు. ఆ ఒక్క సంగతి తలచుకుని ఉంటే ట్రాన్స్‌ఫార్మరూ అక్కర్లేదు, ఎర్తూ అక్కర్లేదు.

"అట్లయితే ఆ దినమే చెప్పిండకూడదా!" అని కసిరాను. నా తప్పు బయటపడినప్పుడు ఎదుటివాళ్ల మీద కసరడం నాకు పుట్టుకతో వచ్చింది.

"చెప్తిని కదక్కా," అన్నాడు వాడు మెల్లగా. "వాకిట్లో నిలబడి. ఇల్లు అంటిని. మీరంతా నా మొగమే చూస్తా ఉండిరి."

వాకిట్లో నిలబడి. వాడికీ నాకూ మధ్య పదడుగులు కూడా లేవు. అక్కడ తీగ లేదు, టేపు లేదు, స్టెబిలైజరు లేదు. నా తమ్ముడు నా ఎదుట నిలబడి, నోరు తెరిచి, ఇల్లు అన్నాడు. నేను ఇల్లె అని విన్నాను. పద్నాలుగేళ్లు వాడే ఒప్పుకున్నాడని అందరికీ చెప్పాను. వల్లించుకుని వచ్చిన పాఠంలో ఒక్క ముక్క కూడా ఇక నన్ను కాపాడదు.

"మరి సంతకం ఏమిటికి పెట్టినావు?"

"అమ్మ పోయి మూడు నెలలు కూడా కాలే. ఇంటికని నీ కాడ కొట్లాడేది ఎట్లక్కా? అమ్మకి నా మీద కోపం పోయిండాదని తెలిసిపోయె. అది చాలె నాకు."

అమ్మ కోపం తీరలేదని ఏడుస్తూ నేను ఆ ఇంట్లో ఉన్నాను. తీరిందని తెలిసి వీడు అద్దె గదిలో ఉన్నాడు. సంచిలోంచి కమ్మలు తీసి బల్ల మీది బట్ట మీద పెట్టాను. ఇవి కృత్తికకి అని అమ్మ చెప్పిందన్నాను. టేపులో ఆ తర్వాత ఇంకో మాట కూడా ఉందని, ఆ రోజు నేను ఆపేయడం వల్ల ఎవరూ వినలేదని చెప్పి, ఆ మాట ఒక్కొక్క ముక్కగా చెప్పాను.

"తిలకవతినా? పేరు పెట్టి చెప్పిందా అక్కా?"

"పేరు పెట్టే."

వాడు బట్ట చుట్ట మీద కూర్చుండిపోయాడు. భుజం మీది తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఇల్లు పోయినప్పుడు ఏడవనివాడు ఆ పేరుకు ఏడ్చాడు. నేను పక్కన కూర్చున్నాను. నన్ను క్షమించమని అడగాలని ఉంది. ఆ మాట మా ఇళ్లల్లో ఎవరూ ఎవరినీ అడిగింది లేదు, ఎలా అడుగుతారో నాకు తెలియదు.

"కేశవా," అన్నాను. "ఆ దినం వాకిట్లో చెప్పిన మాట ఇంకొకతూరి చెప్పు."

"ఇప్పుడెందుకక్కా?"

"చెప్పరా."

మిషన్లు ఆగలేదు. వాడు గొంతూ పెంచలేదు.

"ఇల్లు," అన్నాడు.

వినిపించింది.